మూడో తల

ఐదో బల్ల మీది ఆవిడకు పేరు లేదు.
ఒక సంఖ్య, ఒక వయసు: డెబ్భై తొమ్మిది.
డండీలో మేం భద్రపరిచే దేహాలు బిగుసుకుపోవు.
మోచెయ్యి వంచితే వంగుతుంది,
నిద్రపోయే మనిషిని పక్కకి జరిపినట్టే.
అందుకే కొత్త పిల్లలు మొదటి వారమంతా
ఆవిడకి సారీ చెబుతుంటారు.

నవంబరు. మూడున్నరకే చీకటి.
టే నది మీద రైలు దీపాలు అటునుంచి ఇటు.
ఇవాళ జబ్బ.
మగవాళ్ళు చరుచుకునే చోటు.
ఏడో తరగతిలో ద్విశిర కండరం అని రాశాను,
రెండు తలలకి రెండు మార్కులు.

"మేడమ్, నేను పాడుచేసేశాను."
ఫెర్గస్ చేతిలో కత్తి వణుకుతోంది.
"కండని చీల్చేసినట్టున్నా. మూడు ముక్కలున్నాయి."

వంగి చూశాను.
చీల్చలేదు.
ఎముక నడుమ నుంచి తనంతట తానే మొలిచి,
పిలవని పేరంటానికి వచ్చినట్టు
పెద్ద కండ పక్కన సర్దుకుని కూర్చుంది
వేలెడు వెడల్పు మూడో తల.
దానికీ దానికీ మధ్య నలిగి
ముంజేతికి వెళ్ళే నరం,
ఇస్త్రీ చేసిన రిబ్బనులా.

పుర్రెకో బుద్ధి అన్నారు గానీ
చేతికో కండ అని మనవాళ్ళెవరూ అనలేదు.
బొటనవేలిని చిటికెనవేలితో తాకించి
మణికట్టు కొంచెం వంచమన్నాను పిల్లల్ని.
తీగలా లేచింది కొందరికి.
కట్రియోనాకి లేవలేదు.
"నాకు లోపమా?" అంది.
లేదమ్మా, నాక్కూడా ఎడమచేతికి లేదు.
కాకపోతే రేపెవరి తెగిన వేలికో
అతకడానికి ఆ తీగ తీద్దామనుకునే సర్జన్
ముందు ఇలా వంచి చూడాలి.
చూడకుండా కోస్తే
చేతికి దొరికేది తీగ కాదు,
నరం.

ఫెర్గస్ మాత్రం అక్కడే ఉన్నాడు.
"ఈ నరం ఇలా నలిగితే ఆవిడకి ఏమనిపించి ఉంటుంది?"
తిమ్మిరి, అన్నాను. మోచేతి నుంచి బొటనవేలి దాకా.
బరువెత్తినప్పుడు ఎక్కువ.
ఎవరికైనా చెప్పి ఉంటుందా, అన్నాడు.
చీటీలో ఆ గడి లేదు.

మే నెలలో కృతజ్ఞతల సభ.
దేహాలిచ్చిన వాళ్ళ మనుషులొస్తారు,
మేం టీ పోస్తాం, బిస్కెట్లు పెడతాం,
ఎవరు ఏ బల్లో అడగం, చెప్పం.
అది నియమం.

నీలం కోటు ఆవిడ నా పక్కనే కూర్చుంది.
వాళ్ళమ్మ జనపనార మిల్లులో కండెలు మోసేదట.
నాది నెల్లిమర్ల. నాకా నార వాసన తెలుసు,
గోనెసంచిలో తలదూర్చినట్టు ముక్కుకి పట్టేస్తుంది.
"అమ్మ మంచిదేగానీ కాస్త నాటకాల మనిషి.
ఎడమచేతిలో చీమలు పాకుతున్నాయనేది.
మెడ ఫొటో తీశారు, మెడ బాగుంది.
వయసన్నారు. నాన్న పోయాక దిగులన్నారు.
తర్వాత మేమూ వినడం మానేశాం."

నా నాలుక చివర ఐదో బల్ల.
ఎడమచేతిదే ఆ మూడో తల.
కానీ ఆ ఏడాది దేహాలు ఇరవై మూడు,
మిల్లులో చేసినవాళ్ళు ఈ ఊళ్ళో వీధికొకరు,
నేనేమో సంతకం పెట్టినదాన్ని.

"నాటకం కాకపోయి ఉండొచ్చు," అన్నాను.
"పుస్తకంలో ఉన్నట్టు చేతులన్నీ ఉండవు.
మేం కోసి చూసేదాకా మాకూ తెలీదు.
ఒక్కోసారి నొప్పి చెప్పిందే నిజం, ఫొటో కాదు."

ఆవిడేం మాట్లాడలేదు.
బయట వాన మొదలైంది.
చాలాసేపటికి
టీ కప్పుని
ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుని
వేళ్ళు
మెల్లగా విదిలించింది.